ఆ తొమ్మిది రోజులు ఎవరివి

నాచారంలో తరాజులు బాగుచేసే దుకాణం హనుమాండ్లుది. పాత ఇనుప కాటాల నుంచి ఇప్పటి కరెంటు కాటాల దాకా అన్నీ అతని చేతి కిందికి వస్తాయి. ఏ వస్తువు ఎంత తూగుతుందో ఎత్తి చూసి చెప్పేస్తాడు. మాట ఎంత తూగుతుందో మాత్రం అరవై రెండేళ్ళకు గానీ తెలిసిరాలేదు.

పోయిన ఆషాఢంలో హరిచందన వచ్చింది. బందరు పిల్ల. హబ్సిగూడలో హాస్టల్లో ఉంటూ, పొలాలు పోయి ప్లాట్లయిన ఊళ్ళ మీద పరిశోధన చేస్తోంది. పేరు మార్చి రాస్తానని చెప్పి, కాగితం మీద సంతకం తీసుకుని, రికార్డర్ బల్ల మీద పెట్టింది. బయట ముసురు. బేరం లేదు. మీ పొలాలు ఎటువైపు ఉండేవని ఆ పిల్ల అడగ్గానే హనుమాండ్లు కళ్ళముందు ఉప్పల్ రోడ్డు వానలో కరిగిపోయింది. మెట్రో స్తంభాల మధ్య వరి లేచింది. మడుల్లో నీళ్ళు మెరిశాయి. గట్టు మీద పదిహేడేళ్ళ చెల్లెలు సక్కుబాయి నడిచిపోతోంది. ఆమె వెనకే అతని మాట కూడా నడిచిపోయింది. ఎంత దూరం పోయిందో అతను చూసుకోలేదు.

రెండు నెలల తర్వాత హరిచందన అచ్చు కాగితాలతో వచ్చింది.

"మీరు చెప్పింది మీకు చదివి వినిపించాలి బాబాయ్. తర్వాతే వాడుకుంటాను."

నాలుగో పేజీలో హనుమాండ్లు చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. వేరే సంబంధం ఖాయమయ్యాక సక్కుబాయి ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లవాడితో వెళ్ళిపోవడం, తొమ్మిది రోజులకు ఒక్కతే తిరిగి రావడం, భువనగిరిలో మేనత్త ఇంటికి పోయిందని ఇంట్లోవాళ్ళు అందరికీ చెప్పడం, అంతా ఉంది. నలభై ఏళ్ళుగా ఆమె అత్తవారింట్లో ఎవరికీ తెలియని సంగతి.

"పేర్లు మార్చానండీ. మీరు శాంతయ్య, ఆవిడ భాగ్యమ్మ."

"పేరు మార్చినవు గని తరాజుల దుకాణం మార్చలే కద బిడ్డా! నాచారంల గీ పని జేసేది నేనొక్కన్నే. నాకు చెల్లె ఒక్కతే. గుడ్డోడు గూడ పోల్చుకుంటడు."

"మరి మీరు సంతకం పెట్టారు కదండీ?"

"నా ముచ్చటకు పెట్టిన. దాని ముచ్చటకు పెట్టనీకె నేనెవన్ని?"

హరిచందన నాలుగో పేజీని మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది. రెండేళ్ళ పనిలో అంత ప్రాణమున్న పేజీ మరొకటి లేదని ఆమె ముఖమే చెబుతోంది. చివరికి, "తీసేస్తాను బాబాయ్. ఇంకా ఎవరికీ చూపించలేదు" అంది.

అక్కడితో లెక్క సరిపోయినట్టే. అయినా హనుమాండ్లుకు సరిపోలేదు. ఎవరి సరుకు తూస్తే వాళ్ళు కాటా ముందు నిలబడాలి, తూకానికి అదే పద్ధతి. చెల్లెలు ఎదురుగా లేకుండా ఆమె బతుకును తూచేశాడు.

"నడువు. దానికే చెప్దాం" అన్నాడు.

మేడిపల్లిలో సక్కుబాయి ఇల్లు. భర్త, కోడలు పనులకు పోయారు. ఆమె ఒక్కతే చిక్కుడుకాయలు తుంచుతోంది. సంగతి విని అన్న ముఖం చూడలేదు.

"ఊరందరి తరాజులు సక్కజేస్తవు గని, నీ నోరు సక్కజేసుకోరాదాయె అన్నా? ఏది బిడ్డా, ఏం వాగిండో ఇనిపియ్యి."

రికార్డర్‌లో ముందు వాన చప్పుడు వచ్చింది. ఆ వానలోంచి హనుమాండ్లు గొంతు, ఎవరో కుర్రవాడిదిలా.

"తొమ్మిది దినాలు సైకిల్ మీద తిరిగిన బిడ్డా. ఘట్‌కేసర్ దాక పోయిన. దొరికితె కొట్టనీకె గాదు. ఆకలైతుండొచ్చని జేబుల పల్లీలు పెట్టుకొని తిరిగిన."

సక్కుబాయి వేళ్ళు ఆగిపోయాయి. ఇల్లంతా ఆ వానలో తడిసి, గోడలు కాస్త వెనక్కి జరిగినట్టయింది.

"నువ్వు తిరిగినవా?"

"నీకు ఎరికే అనుకున్న."

"ఎవలు చెప్పిన్రు నాకు? ఒక్కలన్న దేవులాడలేదని గిన్నేండ్లు కడుపుల పెట్టుకున్న."

సక్కుబాయి కొంగుతో ముఖం తుడుచుకుని హరిచందన వైపు తిరిగింది.

"ఎందుకు పోయిన, ఎవనితోని పోయిన, అది నాది. నేనియ్య. తీసెయ్యి. అన్న తిరిగింది మాత్రం ఉంచు."

"ఎవరి కోసం తిరిగారో రాయాలి కదండీ?"

"బర్రె తప్పిపోయిందని రాయి."

"అబద్ధం రాయకూడదండీ."

"అబ్బో, గింత నియమమా! అయితె ఏందో పోగొట్టుకున్నడని రాయి. అదేందో చెప్పేది లేదని గూడ రాయి. గది అబద్ధం గాదు కద?"

హరిచందన నవ్వేసింది. తరాజుల మాట కొట్టేసి, 'చిన్న దుకాణం' అని రాసింది. వాళ్ళ ఎదుటే రికార్డర్‌లోంచి చెల్లెలి సంగతి తుడిచేసి, నాలుగో పేజీ చింపి, కొత్త కాగితం మీద రాసి చదివింది.

"ఒక మనిషి తాను పోగొట్టుకున్నదాని కోసం తొమ్మిది రోజులు సైకిల్ మీద తిరిగాడు. అదేమిటో ఇక్కడ రాయడం లేదు. అది మరొకరిది."

సక్కుబాయి కళ్ళు మూసుకుంది.

"ఇంకొకసారి సదువు బిడ్డా" అంది.