అన్నదమ్ములని రాసిన కాగితాలు

రాణికి నోరు పెద్దది. స్టేజి మీద అది వరం. సాయంత్రం ఆరింటికి హోటల్ హాల్లో ఎర్ర గౌను తొడుక్కుని, మూరెడు ఎత్తు విగ్గు పెట్టుకుని ఆడవేషంలో మైకు పట్టుకుంటే, ఎగతాళి చేద్దామని ముందు వరసలో కూర్చున్నవాడు పది నిమిషాల్లో తన మీద తానే నవ్వుకోవాల్సిందే. వేషం తీసేస్తే మాత్రం నలభై రెండేళ్ళ బట్టతల మనిషి. రెండు గదుల అద్దె ఇల్లు, వంటింట్లో ఎప్పుడూ కారే కొళాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అచ్చం అదే. రాణి అనేది వేషం పేరే అయినా అందరూ అతన్ని అలాగే పిలుస్తారు, ఇంట్లో మెకానిక్‌తో సహా.

మెకానిక్ లిఫ్టులు బాగుచేసే మనిషి. పన్నెండేళ్ళ కిందట ఆ హోటల్లోనే లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, రాణి పూర్తి వేషంలో గంటసేపు ఇరుక్కుపోయాడు. తలుపు సందులోంచి ముందు టార్చిలైటు, తర్వాత మెకానిక్ మొహం కనిపించాయి.

"భయపడకండి మేడమ్" అన్నాడు మెకానిక్.

"భయమెందుకు బాబూ, చెమటకి కనురెప్పలు ఊడిపోతున్నాయి, అదీ నా బాధ" అన్నాడు రాణి తన మగ గొంతుతో. మెకానిక్ చేతిలో టార్చి జారింది గానీ మనిషి పారిపోలేదు. సంసారం అలా మొదలైంది.

ఇల్లు వెతుక్కునేటప్పుడు మొదటి ఇంటాయన ఇద్దరినీ ఎగాదిగా చూసి, మీరిద్దరూ ఏమవుతారని అడిగాడు. మెకానిక్ నోరు తెరిచేలోపే, "అన్నదమ్ములమండి, వీడు నా తమ్ముడు" అనేశాడు రాణి. ఇంటాయన ఆ ముక్కే ఒప్పందంలో రాయించి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఇంకో మూడు ఇళ్ళు, గ్యాసు కనెక్షను, బీమా కాగితం, అన్నిటిలోనూ అదే రాత.

"చూశావా నా తెలివి" అనేవాడు రాణి.

"మన మొహాలు చూస్తే తెలిసిపోదా?"

"నీది అమ్మ పోలిక, నాది నాన్న పోలిక అని చెప్తాను. నోరుండాలే గానీ."

నోరుంది. ముందుచూపే లేదు.

మూడేళ్ళ కిందట మెకానిక్ కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయి. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు డయాలసిస్. ఆసుపత్రిలో చేర్చుకునే కాగితంలో కూడా రాణి 'అన్న' అనే రాశాడు. రాయకపోతే మంచం పక్కన కూర్చోనివ్వరు మరి. ఇంత ప్రేమగల అన్నగారిని ఎక్కడా చూడలేదని నర్సు మెచ్చుకుంటే రాణి మురిసిపోయి, ఆ మాట బయటి బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి కూడా చెప్పుకున్నాడు.

ఎవరైనా కిడ్నీ ఇస్తే మనిషి బతుకుతాడని డాక్టరు చెప్పింది. మెకానిక్ సొంత అక్కకి ఫోను చేస్తే, "మా తమ్ముడు పోయి చాలా కాలమైంది" అని పెట్టేసింది. సరే, నేనున్నానుగా అన్నాడు రాణి. రక్తం కలిసింది, పరీక్షలన్నీ కలిశాయి. ఆ రోజు రాణి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, సంతోషంతో.

కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ పుట్టిన సర్టిఫికెట్లు అడిగింది. రెండు సర్టిఫికెట్లు, రెండు ఊళ్ళు, ఇద్దరు తల్లులు. కమిటీ పెద్దావిడ వాటిని పక్కపక్కన పెట్టి, "కిడ్నీ ఇచ్చినందుకు మీకు డబ్బు ఎవరిస్తున్నారు?" అని అడిగింది.

అప్పుడు చెప్పాడు రాణి నిజం, పన్నెండేళ్ళలో మొదటిసారి ఒక ఆఫీసులో.

ఆవిడ కసిరి పంపేయలేదు, అదే విచిత్రం. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రక్తసంబంధం ఉండాలి, లేదా పెళ్ళయి ఉండాలి. పెళ్ళి కాగితం తెండి, ఈ గదిలోనే సంతకం పెడతాను" అంది. మగవాళ్ళిద్దరికి పెళ్ళి కాగితం ఇచ్చే చట్టం లేదని ఆవిడకీ తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పెళ్ళి హక్కు కోసం ఉద్యమం చేస్తున్నవాళ్ళు ఎన్నేళ్ళుగానో రాణిని పిలుస్తున్నారు. పెళ్ళిళ్ళు నాకెందుకమ్మా, గౌన్లు చాలు అని తప్పించుకునేవాడు. ఇప్పుడు తనే వెళ్ళి వాళ్ళ తలుపు తట్టాడు. కోర్టులో అప్పటికే తొమ్మిది జంటల పిటిషను ఉంది. లాయరమ్మ వీళ్ళని పదో జంటగా చేర్చి, అసలు తీర్పు ఎప్పుడొచ్చినా ముందు ఈ ఇద్దరికి కిడ్నీ మార్పిడికి అనుమతి ఇవ్వాలని అత్యవసరంగా అర్జీ పెట్టింది. రాణి పట్టపగలు పార్కుల్లో, బస్టాండుల్లో పెళ్ళికూతురి గౌనులో నిలబడి సంతకాలు పోగుచేశాడు. ఎండకి రంగు కరిగి మెడమీదికి కారేది. ఒకడు దగ్గరికొచ్చి గౌను మీద ఉమ్మేశాడు. "తుడుచుకుంటాలే గానీ, సంతకం పెట్టి పో" అన్నాడు రాణి. వాడు పెట్టలేదు. వెనక నిలబడి చూస్తున్న ముసలాయన పెట్టాడు.

విచారణ రోజు ప్రభుత్వం తరఫు లాయరు ఒక కట్ట విప్పాడు. ఇంటి ఒప్పందాలు నాలుగు, గ్యాసు, బీమా, ఆసుపత్రి. ఒక్కొక్కటే చదివాడు. "సొంత అన్నదమ్ములమని వీళ్ళే సంతకం పెట్టి రాసిచ్చారు. ఇప్పుడేమో దంపతులమంటున్నారు. ఏది నమ్మమంటారు?" హాల్లో నవ్వులు లేచాయి. నవ్వించడమే వృత్తి అయిన మనిషికి ఆ నవ్వు చెప్పుదెబ్బలా తగిలింది. అబద్ధం చెప్పకపోతే తల దాచుకోను చోటు దొరకదని లాయరమ్మ ఎంతో వాదించింది. జడ్జిగారు విన్నారు, తలూపారు. తప్పుడు పత్రాలు ఇచ్చినవాళ్ళకి అత్యవసరంగా ఏ ఉత్తర్వూ ఇవ్వలేమన్నారు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. వీళ్ళాడింది ఒకే ఒక్క అబద్ధం. పెళ్ళి చెడింది.

మిగతా తొమ్మిది జంటలకీ ఈ మచ్చ అంటకూడదని, పిటిషను నుంచి తప్పుకోమని లాయరమ్మ నేల చూపులు చూస్తూ అడిగింది. రాణి మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఈసారి కాగితంలో ఏం రాసి ఉందో చదవను కూడా లేదు.

తీర్పు వచ్చేసరికి మెకానిక్ చేతుల్లో నరాలు మూసుకుపోయి, డయాలసిస్ కోసం మెడ పక్కన గొట్టం పెట్టారు. గుండె కూడా బలహీనపడింది. ఆర్నెల్లకి మించి చెప్పలేనని డాక్టరు వరండాలో చెప్పింది.

ఉద్యమం వాళ్ళు బతిమాలితే రాణి ఆ రోజు కోర్టుకి పూర్తి వేషంలో వెళ్ళాడు. లాయరమ్మ రెండు చేతులూ పైకెత్తి బయటికొచ్చింది. గెలిచారు. జనం ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. రాణి గౌను ఎత్తిపట్టుకుని, ఆ సందట్లో దారి చేసుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"చట్టం రాయడానికి ప్రభుత్వానికి ఏడాది గడువిచ్చారు. తొందర ఉన్నవాళ్ళెవరూ పిటిషన్లో లేరు కదా అని..."

ఎవరో రాణి చేతిలో మైకు పెట్టారు. ఏం మాట్లాడాడో అతనికి గుర్తులేదు. అందరూ నవ్వారని మాత్రం తర్వాత చెప్పారు.

అదే వేషంలో ఆసుపత్రికి వెళ్ళాడు. మెకానిక్ మంచం మీద ఉన్నాడు, పక్కన యంత్రం తిరుగుతోంది.

"ఏమన్నారు?"

"గెలిచాం."

మెకానిక్ మొహం విప్పారింది. "ఎప్పటినుంచట?"

ఎంత లేదన్నా పాతికేళ్ళు స్టేజి మీద అబద్ధాలాడి బతికిన మనిషి, ఆ ఒక్క పూట ఆడలేకపోయాడు. "ఏడాదిలోగా అట."

లిఫ్టు తాడు ఎన్నాళ్ళు మోస్తుందో చూడగానే చెప్పగలిగే మనిషి, అతనికి లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

"మంచిదేలే, నీకు పనికొస్తుంది" అన్నాడు. "ఈసారి ఎవరితో ఉన్నా ఇంటాయనకి మొదటిరోజే నిజం చెప్పెయ్ రాణీ."

యంత్రం ఆగడానికి ఇంకా రెండు గంటలుంది. రాణి స్టూలు దగ్గరికి లాక్కుని, మెకానిక్ చెయ్యి పట్టుకుని, వార్డులో అందరూ చూస్తుండగా ఏడుస్తూ కూర్చున్నాడు.