బడి పన్నుకు రెండుసార్లు ఓటు

నేను ఒక ఓట్ల పెట్టెను. ఇనుప రేకు ఒళ్లు, నెత్తిన సన్నటి చీలిక, ముందు ఒక గడియ. నగరం చివర ఒక కార్ఖానాలో నాలాంటి రెండు వందల పెట్టెలతో పాటు పుట్టాను. నా మూలలు అతికినవాడు మూత వేసి తీసి, మళ్లీ వేసి తీసి, "దీన్ని నమ్మొచ్చు" అన్నాడు. ఆ మాట ఎంత బరువో అతనికి తెలియదు. ఆనాటి నుంచీ నాకు ఒకటే దిగులు. నా కడుపులో పడిన కాగితం ఒక్కటైనా బయటికి జారితే ఎలా?

చాలా ఏళ్లు పంచాయతీ ఎన్నికల్లో తిరిగాను. మనుషులు చిత్రమైనవాళ్లు. ఊరందరికీ తెలిసిన సంగతిని కూడా నాలుగు మడతలు పెట్టి నాలో వేస్తారు. వేశాక లోపల క్షేమంగా ఉందో లేదో అన్నట్టు చీలికలోకి తొంగి చూస్తారు. ఒకసారి రెండు వర్గాల వాళ్లు నన్ను చెరోవైపు లాగితే గడియ వంగిపోయింది. ఎవరో సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిచేశామనుకున్నారు. ఆ తర్వాత మండల ఆఫీసు గోదాములో, విరిగిన కుర్చీల మధ్య ఉండిపోయాను.

అక్కడికి ఒక రోజు బాలవ్వ వచ్చింది. ఆమె కొత్తచెల్క సర్పంచ్. బీడీలు చుట్టుకుంటూ బతికిన మనిషి, ఆడవాళ్లకు కేటాయించిన సీటులో తొలిసారి గెలిచింది. ఆమె వెంట ఊరి బడి పెద్ద టీచరు సుగుణ ఉంది. వాళ్లిద్దరూ గుమాస్తాతో చెప్పిన మాటల వల్లే నాకు సంగతి తెలిసింది.

ఆ వానాకాలంలో బడి స్లాబు ఒక మూల కూలింది. ఆదివారం కాబట్టి పిల్లలెవరూ లేరు. పై అధికారులు వచ్చి చూసి, మరమ్మతు చేసుకుంటారా, పిల్లల్ని పెద్ద రోడ్డు అవతలి ఊరి బడికి పంపుతారా తేల్చుకొమ్మన్నారు. నిధుల కోసం తిరిగి తిరిగి బాలవ్వ చెప్పులు అరిగాయి. చివరికి ఒక దారి తోచింది. మూడేళ్ల పాటు ఇంటి పన్ను మీద ఇంకో సగం బడి పన్నుగా వేయడం. పెద్ద ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి తక్కువ. ఊరు ఒప్పుకుంటేనే.

"చేతులెత్తిపిస్తే అయిపాయె గద, డబ్బా ఎందుకమ్మా?" అన్నాడు గుమాస్తా.

"రాజేశమన్న ముంగట ఎవలు చెయ్యి లేపుతరు సారూ?" అంది బాలవ్వ. "సగం ఊరు ఆయన పొలంలనే పనికి వోతది."

రాజేశం మాజీ సర్పంచ్. రోడ్డు వెంబడి వరుసగా షాపులు, రెండంతస్తుల ఇల్లు. పన్ను పడితే అందరికన్నా ఎక్కువ కట్టాల్సింది ఆయనే.

ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసులో నన్ను బల్ల మీద పెట్టారు. "కావాలి" అని ఒక గడి, "వద్దు" అని ఒక గడి ఉన్న చీటీలు. ముద్ర వేసి మడిచి నాలో వేయాలి. రాజేశం గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేయించుకుని, వచ్చేవాళ్లని పేరుపేరునా పలకరిస్తూ కూర్చున్నాడు. పలకరింపు విన్నవాళ్ల చేతులు నా దగ్గరికి వచ్చేసరికి చల్లబడి ఉన్నాయి.

ఓదెలు అనే ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఒంటి గది రేకుల ఇల్లు ఆయనది.

"అవ్వా, నా ఇంట్ల సదువుకునే పోరలే లేరు. నేనెందుకు కట్టాల్నే?"

"నీ ఇష్టమే తాతా. నేనేం జెప్ప," అంది బాలవ్వ. ఆయన ముద్ర వేసి, చీటీని వేలెడంత మడిచి నాలోకి తోశాడు.

సాయంత్రం లెక్క కోసం నన్ను ఎత్తి పక్క గదిలోకి తీసుకెళ్తుంటే, నేను భయపడుతూ వచ్చిన సంగతి జరిగింది. గడియ జారింది, మూత తెరుచుకుంది. రెండు చీటీలు గచ్చు మీద పడ్డాయి.

"చెల్లది!" రాజేశం లేచి నిలబడ్డాడు. "డబ్బా మూతనే సక్కగ లేదు. ఇది ఓటింగేనా?"

అందరూ ఒకేసారి మాట్లాడసాగారు. పంచాయతీ కార్యదర్శి ఆ రెండింటినీ విప్పకుండానే ఏరి పక్కన పెట్టాడు. "కింద పడ్డయి వదిలేసి తక్కినయి లెక్కపెడదాం. ఇద్దరూ ఒప్పుకుంటేనే," అన్నాడు. బాలవ్వ సరేనంది. చివర్లో వచ్చి ఓట్లేసింది పిల్లల తల్లులు, పైనుంచి జారిన చీటీలు వాళ్లవే అయి ఉంటాయని రాజేశం లెక్క. ఒప్పుకుని సంతకం పెట్టాడు.

కావాలన్నవి రెండు వందల పన్నెండు. వద్దన్నవి రెండు వందల పదకొండు.

బయట ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రాజేశం వెళ్లిపోయాడు. గదిలో బాలవ్వ, సుగుణ, కార్యదర్శి మిగిలారు. బాలవ్వ ఆ రెండు చీటీలను చాలాసేపు చూసి, ఒక్కొక్కటిగా విప్పింది. రెండింటి మీదా ముద్ర ఒకే గడిలో ఉంది. వద్దు.

లెక్కలో కలిపితే పన్ను ఒక్క ఓటుతో ఓడిపోయినట్టు.

"అక్కా, మడిచి పెట్టెయ్యండి," సుగుణ గొంతు తగ్గించింది. "ఆయనే సంతకం పెట్టాడు కదా, మనం మోసం చేయలేదు. ఇది పోతే పిల్లలు రేపట్నుంచి ఆ రోడ్డు దాటాలి."

"నాకు ఎరుకనే టీచరమ్మా."

"మరి?"

బాలవ్వ చీటీలు రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. "పన్నంటే ప్రతి ఇంటికి వోయి చెయ్యి చాపాలె. గీ రెండు చీటీలు కొంగున ముడేసుకుని ఎట్ల చాపుత?"

మర్నాడు డప్పు వేయించి నిజం చెప్పించింది. వచ్చే ఆదివారం మళ్లీ ఓటింగ్ అని చాటించింది. సుగుణ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ వారమంతా నేను పంచాయతీ బీరువా మీద ఉన్నాను. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆమెను తిట్టారు. గెలిచినదాన్ని చేజేతులా పోగొట్టుకుందన్నారు. రాజేశం మనుషులు తీరిగ్గా నవ్వారు. బాలవ్వ మాత్రం రోజూ ఇల్లిల్లూ తిరిగి వచ్చి, ఆ బీరువా పక్కనే గోడకు చేరగిలబడేది. బీడీ ఆకుల కట్ట విప్పుకున్నా చేయి కదిలేది కాదు. ఓడిపోతే తన మొండితనం వల్లే బడి పోయిందంటారు. అది ఆమెకూ తెలుసు.

రెండో ఆదివారం కార్యదర్శి నా గడియకు బైండింగ్ వైరు మూడు చుట్లు బిగించాడు. మొదటిసారికన్నా ఎక్కువమందే వచ్చారు. వరుసలో ఒకామె పక్కామెతో అనడం విన్నాను. "పోయినసారి వద్దనే ఏసిన. పైసలు వీళ్లే తింటరనుకున్న. రెండు చీటీలు దాసుకోలేనామె పైసలేం దాసుకుంటదే?"

ఈసారి లెక్క పూర్తయ్యేదాకా ఒక్క కాగితమూ జారలేదు. కావాలన్నవి రెండు వందల నలభై ఏడు. వద్దన్నవి నూట ఎనభై ఒకటి. సుగుణ ఏడుస్తూ వచ్చి బాలవ్వ చేయి పట్టుకుంది. బాలవ్వకు ఏడుపు కూడా రాలేదు. నీళ్లడిగి, ఒక చెంబెడు తాగి, అలాగే కూర్చుండిపోయింది.

నెల తిరిగాక పన్ను వసూలు మొదలైంది. నన్ను ఇంకా గోదాముకు పంపలేదు. మొదటి రోజు ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఓదెలు కూర్చుని ఉన్నాడు. మడతలు పడిన నోట్లు బల్ల మీద పెట్టాడు.

"తాతా, నువ్వు కావాల్నని ఏసినవా?" బాలవ్వ సంబరంగా అడిగింది.

"ఏ, లేదు బిడ్డా. రెండుసార్లు వద్దనే ఏసిన," అన్నాడాయన. "ఊరు కట్టుమన్నది, కడ్తున్న. రసీదు రాయి."

ఆమె రసీదు రాసిచ్చింది. ఆయన అందుకుని అడిగాడు.

"మూడేండ్లయినంక మళ్ల ఓటు వెడ్తవు గద?"

"పెడ్త తాతా."

"అప్పుడు గూడ నన్ను అడుగు."

ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని, కర్ర పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాడు. బాలవ్వ గుమ్మందాకా వచ్చి ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. మూడేళ్ల తర్వాతి ఆదివారం గురించిన బెంగ అప్పుడే ఆమె ముఖంలో మొదలైంది. ఆనాటికి నేను ఉండను. నన్ను పాత ఇనుము కింద వేలానికి రాశారు. ఆ చీటీలు ఏ పెట్టెలో పడతాయో గానీ, దాని గడియ గట్టిగా ఉండాలని మాత్రం రోజూ కోరుకుంటున్నాను.