మూడో నీళ్లకు ముందు

నా మాటల్లో పావలా వంతే నిజమని చిలమకూరులో అందరికీ తెలుసు. బావిలో పడిన ఎద్దును మీసంతో పైకి లాగినానని చెప్తే నవ్వుకుని పోతారు. పంతొమ్మిదివందల యాభై ఏడు వానకాలంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పి, నమ్మే దిక్కులేక నా ఇంట్లోనే ఇరుక్కుపోయినాను.

మా ఇందుమతికి అప్పుడు ఆరేండ్లు. తట్టు పోసింది. నా భార్య పురిటికని పులివెందుల పోయింది గనక అన్నీ మా అమ్మ వెంకటసుబ్బమ్మే చూసుకుంది. వాకిలికి వేపమండలు కట్టింది, ఇంట్లో తాళింపు మాన్పించింది. తట్టు దిగేటప్పుడు మూడుసార్లు వేపాకు నీళ్లు పోస్తారు; ఆ మూడో నీళ్లు పోసేదాకా బిడ్డను గడప దాటనీయనని అమ్మవారికి మొక్కుకుంది. రెండు నీళ్లయినాయి. జ్వరం దిగింది, పొక్కులు మాడినాయి.

అంతలో ప్రొద్దుటూరు నుంచి నా బావమరిది పార్థసారథి దగ్గుకుంటా వచ్చి వాకిట్లో నిలబడినాడు. ఆ ఊరంతా ఫ్లూ జ్వరం.

"లోపలికి రావచ్చా బావా?"

"రారా! అమ్మవారు కూచున్న ఇంట్లోకి ఇంకో జ్వరం రావాలంటే పర్మిట్టు తెచ్చుకోవాల."

మా అమ్మ కూడా తలూపింది. మా పక్క అందరి నమ్మకమూ అదే. వాడు రెండు దినాలు పాపను ఒళ్లో కూచోబెట్టుకుని ముద్దుచేసి పోయినాడు.

మూడోనాటికి పాప ఒళ్లు పెనమయింది. డొక్కలెగరేస్తాంది.

"అమ్మవారు తిరిగొచ్చిందిరా" అని మా అమ్మ తలుపు మూసి, గడపకు అడ్డంగా పడుకుంది.

జమ్మలమడుగు ఆస్పత్రి కాంపౌండరు ప్రకాశం సెలవు మీద ఊళ్లోనే ఉన్నాడు. కేకేస్తే కిటికీ దగ్గరికొచ్చి పాప ఊపిరి విన్నాడు.

"అన్నా, తట్టు పోతా పోతా ఒంట్లో కాపలావాళ్లను పడగొట్టి పోతాది. వాళ్లు లేచేదానికి నెలలు పడతాది. ఆ సందులో ఫ్లూ దూరింది. ఈ పొద్దే ఆస్పత్రికి తీసకపోకుంటే బిడ్డ దక్కదు."

ఆ మాటే అమ్మకు చెప్పినాను.

"ఒక రోగం పోతా ఇంకో రోగానికి దావ ఇచ్చి పోతాదా? ఇంత పెద్ద కోత యాడ దొరికిందిరా నీకు?"

"అమ్మా, ఇది కోత కాదే!"

"అట్లయితే నన్ను తొక్కి పో."

కన్నతల్లిని ఎట్ల తొక్కేది? వేపాకు వాసన, ఉక్క, మూసిన తలుపు. కిటికీకి ఇనుపచువ్వలు. ఆ మూల నుంచి ఈ మూలకు పిల్లను భుజాన వేసుకుని తిరిగినాను.

"నాయనా, గాలి లేదు" అంది పాప. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగినాయి.

మా అమ్మ తల తిప్పి చూసింది. లేవలేదు. కండ్లు మిద్దె కప్పుకేసి ఎత్తింది.

"ఒరే, గడప దాటనీయనని మొక్కినా. గవాక్షి మాట నేను ఎత్తలేదు."

గవాక్షంటే ఎలుతురు కోసం కప్పుకు పెట్టిన కంత. పక్కింటి జమాల్ మిద్దెక్కి తాడు వదిలినాడు. పాపను దుప్పట్లో ఉయ్యాలగా కట్టి పైకి పంపినాను. నేను గాదె ఎక్కి, ఆ కంతలో భుజాల తోలు వదిలిపెట్టి బయటపడినాను. అమ్మ గడప మీద నుంచి కదల్లేదు.

పదహైదు దినాలకు ఆస్పత్రి నుంచి బిడ్డను ఎత్తుకుని వస్తే తలుపు ఇంకా మూసే ఉంది. మొక్కు తీరలేదని అమ్మ లోపలే ఉండి, జమాల్ ఇంటి అఖ్తర్ బీ కిటికీలోంచి అందించిన పండ్లు తింటాంది.

"తలుపు తియ్యే అమ్మా, బిడ్డ బతికింది!"

"మూడో నీళ్లు పోయలేదు కదరా. ఎట్ల పోయిందో అట్లే దించు."

మళ్లీ మిద్దెక్కినాము.