మూడో గుండీ

పొద్దున్నే ఎనిమిదింటికి షట్టరెత్తి, మెషీను మీద దుమ్ము తుడిచి, రేడియో పెట్టి, సూదిలో దారం ఎక్కించుకుని కూర్చోవడం గుండీలక్కకు పదేళ్ళ అలవాటు. ఆ వీధిలో అందరికీ ఆమె గుండీలక్కే. ప్యాంట్లు పొట్టి చేస్తుంది, జిప్పులు మారుస్తుంది, కానీ ఆమెకి పేరు తెచ్చింది మాత్రం గుండీలే. ఆమె కుట్టిన గుండీ ఊడదు. పైగా దాన్ని చెవికి ఆనించుకుంటే, కుట్టిన వేళ కొట్లో ఉన్న చప్పుళ్ళన్నీ వినిపిస్తాయి. మెషీను, వాన, రేడియో, మధ్యమధ్య ఆవిడ కూనిరాగం. బస్సులో విసుగు పుట్టినవాళ్ళు చొక్కా చేతి గుండీ చెవి దగ్గర పెట్టుకుని కూర్చోవడం అక్కడ మామూలే. పాట బాగుందని రెండ్రోజులు చొక్కా మార్చని మహానుభావులు కూడా ఉన్నారు.

బట్ట ఏ రంగుదైనా సరే, గుండీ కింద దారపు మెడకి ఆఖరి చుట్టు ఎర్రదారంతోనే వేస్తుంది. ఎందుకక్కా అంటే, "నా పని నేను గుర్తుపట్టొద్దూ?" అంటుంది.

ఆమెది ఆ దేశం కాదు. వచ్చి పదేళ్ళు నిండాయి కాబట్టి శాశ్వత నివాసపత్రానికి అర్హురాలే. ఆ పత్రం కోసం నెలల తరబడి నివాసపత్రాల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతోంది. ఫోటోలో చెవులు కనబడలేదన్నారు. కనబడేలా తీయించి ఇస్తే, బల్ల మీద పడి ఉండీ ఉండీ ఫోటో పాతబడిపోయిందన్నారు. అనువాదానికి ముద్ర లేదన్నారు, ముద్ర వేయించేసరికి ఫారమే మారిపోయిందన్నారు. మనమైతే ఆ ఫారాలన్నీ వాళ్ళ మొహానే కొట్టి వచ్చేవాళ్ళం. గుండీలక్క ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఊడిపోయిన కుట్టు మళ్ళీ వేసినట్టు, వాళ్ళు వెనక్కిచ్చిన ప్రతి కాగితాన్నీ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది.

చివరికి చిక్కు ఒక్కటే మిగిలింది, మొదటి ఏడాది. అప్పుడామె పని చేసింది ఓ ముసలి టైలరు దగ్గర. బంగారంలాంటి మనిషే కానీ, జన్మలో కాగితం మీద ఒక్క ముక్క రాసి ఎరగడు. ఇప్పుడాయన లేడు. ఆ ఏడాది నెలకొక రుజువు చొప్పున పన్నెండూ కావాలనీ, ఒక్క నెల తగ్గినా పదేళ్ళూ తెగిపోయినట్టేననీ నాలుగో కౌంటర్ ఆఫీసరు చెప్పాడు. గడువు నెల రోజులు. తేకపోతే తల్లీకూతుళ్ళిద్దరూ దేశం వదలాలి. కూతురి నర్సింగు ఆఖరి పరీక్షలకి ఇంకా నాలుగు నెలలుంది.

"అమ్మా, ఆయన్ని ఇంకోసారి బతిమాలుదామా?"

"బతిమాలడం దేనికే? కుట్టినవి ఉన్నాయిగా. ఫారం సరిగ్గా చదువు."

కూతురు చదివింది. రుజువుల గడిలో 'పత్రం, గుండీ, ఇతరములు' అని ఉండనే ఉంది. కింద చిన్నక్షరాల్లో, 'గుండీ అయితే తెంచి ఫైలుకు జతచేయవలెను' అని కూడా ఉంది.

కొట్టు ముందు బోర్డు పెట్టారు. మొదటి ఏడాది కుట్టించుకున్నవాళ్ళు వరసకట్టారు. బేకరీ ఆయన పాత కోటు తెచ్చాడు, బస్సు డ్రైవరు యూనిఫారం తెచ్చాడు, రిటైరైన టీచరమ్మ స్వెట్టరు తెచ్చింది. రేడియో గంటగంటకీ తేదీ చెప్పేది కాబట్టి కూతురు ఒక్కో గుండీ విని రాసుకుంది. తెంచుతుంటే ఎవరూ మొహం చిన్నబుచ్చుకోలేదు. "ఆ పాట నాకు కంఠతా వచ్చేసిందిలే అక్కా, కానివ్వు" అన్నాడు డ్రైవరు. ప్రతి ఒక్కరికీ ఆమె కొత్త గుండీ కుట్టి పంపించింది.

పదకొండు నెలలు దొరికాయి. నవంబరు దొరకలేదు. ఆ నెలంతా రేడియో రిపేరు షాపులో ఉంది. గుండీల్లో వాన తప్ప తేదీ లేదు.

గడువు ఆఖరి రోజున నాలుగో కౌంటర్ ఆఫీసరు పదకొండు గుండీలూ ఓపిగ్గా విని, పదకొండు ముద్రలు వేశాడు.

"నవంబరు?"

"రేడియో బాగుచేయించడానికి ఇచ్చామండీ."

"అది రుజువు కాదు కదమ్మా" అన్నాడు. చెడ్డవాడేం కాదు, ఆ మాట అనడానికి అతనికీ కష్టంగానే ఉంది. కంగారుగా కోటు మూడో గుండీ పట్టుకుని మెలితిప్పాడు.

గుండీ కింద ఎర్రదారం కనబడింది.

"బాబూ, ఆ గుండీ నేను కుట్టిందే."

"కాదమ్మా. ఇది మా అమ్మ కుట్టింది. ఆవిడ పోయి మూడేళ్ళయింది."

"ఒక్కసారి వినండి."

అమ్మ కుట్టిందనుకున్న గుండీని ఎవరు మాత్రం చెవి దగ్గర పెట్టుకుని చూస్తారు? అతను కోటు విప్పి, గుండీ చెవికి ఆనించుకున్నాడు. ముందు వాన. తర్వాత మెషీను. ఆ తర్వాత అమ్మ.

"గట్టిగా కుట్టమ్మా. కంగారొస్తే మావాడు గుండీలు మెలిపెట్టేస్తాడు. రేపే ఉద్యోగంలో చేరుతున్నాడు, నివాసపత్రాల ఆఫీసులో. కిటికీ అవతల నిలబడ్డవాళ్ళతో కాస్త మెత్తగా మాట్లాడరా నాన్నా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది."

మూడుసార్లు విన్నాడు. కళ్ళు తుడుచుకోవడం వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా చూశారు. మెళ్ళో వేలాడుతున్న గుర్తింపు కార్డు తిప్పాడు. ఉద్యోగంలో చేరిన తేదీ దాని మీదే ఉంది, పదేళ్ళ కిందటి నవంబరు పదిహేడు.

రుజువు దొరికింది. అతను సొరుగులోంచి కత్తెర తీశాడు. గుండీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"వద్దు బాబూ, తెంచకండి" అంది గుండీలక్క.

"తెంచకపోతే మీకు పత్రం రాదమ్మా."

"రాకపోతే పోనీండి. మీ అమ్మ గొంతు మీ దగ్గర్నుంచి తెంచేసి నేనెక్కడ సుఖంగా ఉంటాను?"

పక్కన కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆఫీసరు కత్తెర సొరుగులో పడేసి, కోటు తొడుక్కుని, మూడో గుండీ పెట్టుకున్నాడు. కలం తీసుకుని నవంబరు గడిలో ఇలా రాశాడు: 'గుండీ ఒకటి. ఆఫీసులోనే, అధికారి కోటు మీద భద్రంగా ఉన్నది. ఎవరైనా వచ్చి వినవచ్చును.' పన్నెండో ముద్ర వేశాడు.

ఆ వేసవిలో కూతురు పరీక్షలు రాసింది. నాలుగో కౌంటర్ దగ్గర మాత్రం ఆఫీసరు చెమటలు కక్కుతూ కోటు వేసుకునే కూర్చున్నాడు. ఫైల్లో రుజువు కదా, ఆఫీసు వేళల్లో తీయడానికి వీల్లేదు. కిటికీ అవతలి మనిషి మీద విసుగొచ్చినప్పుడల్లా ఆ గుండీ కాసేపు చెవికి ఆనించుకుంటాడు. తర్వాత, "చెప్పండమ్మా, ఏ కాగితం దొరకలేదు?" అని అడుగుతాడు.