మలావీకి పోయిన జల్లెడ

ఆఫ్రికాలోని మలావీ నుంచి వీడియో వచ్చిన రోజు మొదలు హెలెన్ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయింది. షెడ్డులో ఉంటే ఊరికే రోడ్డు మీదికి వచ్చి నిలబడేది. సాయంత్రం జమ్మలమడుగులో ఇల్లు చేరాక కూడా అన్నం మధ్యలో లేచి ఫోను చూసుకునేది. భర్త రవికుమార్ ఏమైందని అడిగితే ఏమీ లేదనేది.

ప్రొద్దుటూరు ఊరి చివర ఆమెకూ అజ్మతుల్లాకూ కలిపి ఒక చిన్న షెడ్డులో వర్క్‌షాపు ఉంది. వేరుశనగ కాయలు ఒలిచే మిషన్లు చేస్తారు. హెలెన్ పాలిటెక్నిక్ చదివింది, అమ్మకాలు చూస్తుంది. ఆమెకన్నా పెద్దవాడైన అజ్మతుల్లాది లేత్ పని. ఒకప్పుడు పులివెందుల వైపు రైతులు ముందే చెప్పి చేయించుకునేవారు. ఆ గిరాకీ పడిపోయి దిగులుగా ఉన్న రోజుల్లో, బెంగళూరు యంత్రాల ప్రదర్శనలో గ్రేస్ ఫిరి అనే మలావీ ఆవిడ పరిచయమైంది. ఒప్పందం ప్రకారం కాయ ఒలిచే డ్రమ్మూ, దాని కింద ఉండే జల్లెడా ప్రొద్దుటూరు నుంచి పంపాలి. చట్రం చేయించి, అన్నీ బిగించి అమ్మే పని గ్రేస్‌ది. లాభం చెరిసగం. ఒకసారి మలావీ వచ్చి చూసి పొమ్మని కూడా గ్రేస్ పిలిచింది.

తీరా మొదటి మిషన్లు అక్కడ తిరిగేసరికి, గ్రేస్ పంపిన ఆ వీడియోలో గింజలు ముక్కలు ముక్కలుగా రాలాయి. మన గింజకన్నా అక్కడి గింజ లావు. జల్లెడ సందుల్లోంచి జారక డ్రమ్ము కింద నలిగిపోతోంది. గ్రేస్ కోప్పడలేదు. కొత్త జల్లెడలు ఓడలో వచ్చేలోపు సీజను అయిపోతుందని, జల్లెడ డ్రాయింగ్ పంపిస్తే తన ఫిట్టరే తగ్గట్టు మార్చి చేస్తాడని చెప్పింది.

అజ్మతుల్లా ఒప్పుకోలేదు.

"మిషన్‌లో మనదని చెప్పుకునేది ఆ జల్లెడొకటేమ్మా. అది ఇచ్చేస్తే రేపు డ్రమ్ము గూడా ఆడనే చేసుకుంటారు. ఇంగ మనల్ని ఎవురు పలకరిస్తారు?"

హెలెన్ భయమూ అదే. గ్రేస్ ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, ఆలోచిస్తున్నామంది.

మర్నాడు షెడ్డుకు వెళ్లకుండా పులివెందుల బస్సెక్కింది. ఇక్కడే కొత్త బేరాలు దొరికితే ఆ గొడవే ఉండదు కదా అనుకుంది. అక్కడి దుకాణాల వాళ్లు డ్రిప్పు పైపుల గురించి మాట్లాడారే తప్ప ఆమె మిషన్ మాట ఎత్తలేదు. అక్కడినుంచి లింగాల వెళ్లి, పాత ఖాతాదారు తిరుపాలమ్మ ఇంటి ముందు దిగింది. తమ మిషన్ ఆమె కొట్టంలో అరటి గెలలకు తొడిగే సంచుల కింద కనబడింది.

"ఈడ శెనక్కాయ ఎవురేస్తాండారు పాపా? అంతా అరటీ, చీనీ తోటలే," అంది తిరుపాలమ్మ. "పాత ఇనుము వానికి ఏద్దామంటే మా ఆయప్ప ఒప్పుకోల్యా. అట్లే పడుండాది."

ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి హెలెన్ కాసేపు ఆ మిషన్ దగ్గరే నిలబడింది. దాని మీద తమ వర్క్‌షాపు పేరు దుమ్ము పట్టి ఉంది. తుడవబోయి మానుకుంది.

నేరుగా షెడ్డుకు వచ్చి చూసిందంతా అజ్మతుల్లాకు చెప్పింది. డ్రాయింగ్ పంపిద్దామంది.

"రేపు మన పేరు గూడా తీసేస్తారు," అన్నాడతను.

"తీసేయనీ అన్నా. ఈడ మన పేరు చదివేవాళ్లు ఎవురుండారు?"

అతను లేత్ ఆపి బయటికి వెళ్లిపోయాడు. ఇక రాడేమోనని ఆమె భయపడింది. అతను తిరిగొచ్చి, పంపుదాం గానీ గ్రేస్ ఫిట్టరుతో తానే మాట్లాడతానన్నాడు. వీడియో కాల్‌లో హెలెన్ మధ్యలో ఉండి ఇంగ్లీషులో చెప్పబోయింది కానీ, కాసేపటికి ఆ ఇద్దరూ రేకులు ఎత్తి చూపించుకుంటూ ఆమెను మరిచిపోయారు.

అక్కడ చేసిన జల్లెడతో గింజలు నిండుగా రాలాయి. అజ్మతుల్లా భయమూ నిజమైంది. తర్వాతి ఆర్డరులో జల్లెడలు లేవు, డ్రమ్ములే ఉన్నాయి. మిషన్ మీద గ్రేస్ కంపెనీ పేరు పెద్దగా, వీళ్లది కింద చిన్నగా పడింది. జల్లెడ రేకులకు సందులు కొట్టే ప్రెస్సు మీద అతను గోనెపట్టా కప్పేశాడు.

కొన్నాళ్లకు ఆ మలావీ ఫిట్టరు డ్రమ్ము పలకలకు రబ్బరు బిగించి ఫోటో పంపాడు. అజ్మతుల్లా దాన్ని చాలాసేపు చూశాడు. తానూ ఒకటి బిగించి తిప్పి చూసి, చప్పుడు తగ్గిందన్నాడు.

"గ్రేస్ రమ్మంటాంది గదా. ఒకసారి పోయి ఆ ఫిట్టరుతో కూర్చోనొస్తామ్మా."

హెలెన్ ఆ ప్రయాణం తనదేనని ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుంది.

"పోయిరాన్నా," అంది.

అతను లేని నాళ్లు లేత్ మీద ఎవరిని పెట్టాలో అప్పుడే ఆలోచన మొదలైంది. లేత్ పని తెలిసినవాళ్లను అడగడానికి ఫోను అందుకుని మళ్లీ రోడ్డు మీదికి నడిచింది.