పిండి కింద మరక

రాయదుర్గంలో కనకలక్ష్మి రోజూ ఇల్లూడ్చి, పొయ్యి రాజేసి, ఆ తర్వాత కుందేలు ముందు కూర్చునేది. ఆ ఇంట్లో ఎవరు అబద్ధమాడినా కుందేలు తెల్లటి బొచ్చు మీద మరక పడేది. ఎవరి రంగు వాళ్లది. ఊళ్లో తగాదా వస్తే ప్రమాణానికి గుడి దాకా ఎందుకని అందరూ ఈ అరుగు మీదికే వచ్చేవారు. మాట చెప్పి, కుందేలును చూసి, తేల్చుకుని పోయేవారు. మరకలు తుడిచే చాకిరీ మాత్రం ఇంటి కోడలిది.

కాపురానికొచ్చిన కొత్తలో ఆమె దాన్ని గంగాళంలో ముంచి, తన తల రుద్దుకున్నట్టే కుంకుడు రసంతో రుద్దింది. కుందేలు భయంతో బిగుసుకుపోయి, చచ్చినంత పనైంది. అత్త బుచ్చమ్మ దాన్ని కొంగులో పొదువుకుని ఆరబెట్టి, కోడలిని నాలుగు తిట్టి, పద్ధతి నేర్పింది. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి, గట్టిగా పిండి, మరక మీద మాత్రమే అద్దాలి. ఆపైన జొన్నపిండి చల్లి వేళ్లతో మెల్లగా దువ్వాలి. బుచ్చమ్మ పోయాక ఆ పని తెలిసింది ఊరంతటిలో కనకలక్ష్మి ఒక్కదానికే.

వారం రోజులుగా ఆమె మనసు మనసులో లేదు. కుందేలు ఎడమ చెవి వెనక రోజూ నీలం మరక. నీలం ఆమె మొగుడు సాయిలుది. రాళ్లు కొట్టే మనిషి. కొత్తగూడ దిక్కు పనికి పోతున్నానంటాడు, గడప దాటేలోగా చెవి వెనక నీలం దిగుతుంది. గంపలో రెండు రొట్టెలు తగ్గుతున్నాయి. మొన్న దండెం మీది ఆకుపచ్చ చీర మాయమైంది. చీర పోయిందంటే ఇంకేముంది, ఆడమనిషే. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే అతనేదో చెబుతాడు, కుందేలు నిజం బయటపెడుతుంది, ఆ తర్వాత కాపురం ఏమవుతుంది? ఆ భయానికే నోరు మూసుకుని నీలాన్ని తుడుస్తూ వచ్చింది.

అవి నిజాం పాలన చివరి రోజులు. ఊళ్లో దొర మాటకు ఎదురు లేదు. ఆ మధ్యాహ్నం సాయిలు బువ్వకు వచ్చి చేతులు కడుగుతున్నాడు, ఆమె పొద్దుటి మరక మీద పిండి చల్లుతోంది. దొర ఉండే గడి నుంచి అతని మనిషి ఎల్లేశం ఇద్దరు కర్రలవాళ్లతో వచ్చాడు. గడిలో వెట్టి చేసే కిష్టమ్మ వారం కింద పారిపోయిందట. దొరికితే ఏం చేస్తారో అతను చెప్పనక్కరలేదు. అంతకుముందు పారిపోయి దొరికిన భాగ్యమ్మ ఇప్పటికీ కుంటుతూ గడికి నీళ్లు మోస్తోంది.

"కుందేలు ముంగట చెప్పు సాయిలు. కిష్టమ్మ యాడున్నది?"

"నాకెరుక లేదన్నా."

కనకలక్ష్మి వేళ్ల కింద బొచ్చు వెచ్చబడింది. చెవి వెనక మళ్లీ నీలం ఊరుతోంది. రొట్టెలు, చీర, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఆడమనిషే! చెయ్యి తీస్తే చాలు, పీడ ఇవాళే విరగడైపోతుంది. మొగుడికి నాలుగు దెబ్బలు పడితే పడనీ అని కూడా అనిపించింది. అంతలో భాగ్యమ్మ నడక కళ్లముందు మెదిలింది. గుప్పెడు పిండి తీసి చెవి వెనక ఒత్తేసింది.

ఎల్లేశం అనుమానంగా వంగి, పిండి దులిపి చూపమన్నాడు.

"ఇప్పుడు దులిపితె తోలు పుండ్లు వడ్తది. పొద్దుగూకెదాంక ఉండాలె. ఇది చస్తె ఊరికి నువ్వే జవాబు చెప్పుకో."

ఆ ఇంట్లో ఆమె అబద్ధమాడటం అదే మొదలు. ఆమె మాటకు మరక పడిందేమోనని ఎల్లేశం చెవులూ వీపూ పరకాయించి చూశాడు. అంతా తెల్లగానే ఉంది. గొణుక్కుంటూ నిజాంపేట దిక్కు వెతకడానికి పోయాడు.

కనకలక్ష్మి తలుపు వేసింది. నీలం ఆనవాలు లేకుండా తుడిచి, కుందేలును ఒళ్లో పెట్టుకుని, వారం రోజులుగా అడగలేని మాట అడిగింది.

"ఆమె నీకేమైతది?"

"ఏం గాదు. రాతిగుండ్ల నడుమ దాక్కొని ఏడుస్తుంటె చూసిన. చీర పేలికలైంది. నీకు చెప్తె నిన్ను సుత కుందేలు ముంగట నిలవెడ్తరని చెప్పలే."

ఆమె కుందేలు చెవి ఎత్తి వెనక చూసింది. బొచ్చు తెల్లగానే ఉంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు సాయిలు కిష్టమ్మను లింగంపల్లిలో రైలెక్కించి వస్తానని ఉన్నమాటే చెప్పి బయల్దేరాడు. కనకలక్ష్మి నాలుగు రొట్టెలూ, పెట్టెలోని మంచి చీరా మూటగట్టి ఇచ్చింది. తర్వాత కుందేలును వెల్లకిలా తిప్పి చూసింది. పొట్ట మీద అరచేతంత పసుపు మరక, తనది. గుడ్డ తడిపి పిండింది గానీ, ఎందుకో దండెం మీద ఆరేసింది. ఆ ఒక్క మరకను ఆమె ఎన్నడూ తుడవలేదు.