ప్లైవుడ్డు కొట్టిన కిటికీ

చెక్క సామాను తయారుచేసే ఆ కార్ఖానాలో అతన్ని అందరూ ముక్కు మేస్త్రి అంటారు. ముక్కు పెద్దదని కాదు. పాలిష్‌లో థిన్నర్ కలిపాక డబ్బా మీదికి వంగి, గుండెల నిండా ఒకసారి పీల్చి, "ఇంకో అరగ్లాసు పడాలి" అన్నాడంటే పడాల్సిందే. కొలత గ్లాసు అరలో దుమ్ము పట్టి ఉంటుంది. మాస్కు సంగతీ అంతే, ఓనరు ఇచ్చిన కవరు ఇంకా విప్పనేలేదు. మాస్కు పెట్టుకుంటే వాసన తెలియదు, వాసన తెలియనప్పుడు ఇక మేస్త్రి ఎందుకని అతని వాదన.

పాలిష్ కొట్టే మూల గది అతని రాజ్యం. దానికి ఒకే కిటికీ. తడి పాలిష్ మీద రవ్వంత దుమ్ము పడ్డా అద్దంలాంటి బల్ల కాస్తా మొటిమల మొహమవుతుందని, తొమ్మిదేళ్ళ కిందట దానికి తనే ప్లైవుడ్డు ముక్క కొట్టేశాడు. మేకులు దగ్గర దగ్గరగా, లెక్కకు మించి కొట్టాడు. బయట రేకుల పంచ కింద, మూడు వైపులా గాలి వచ్చే చోట, చెక్క మీద గరుకు కాగితం రుద్దే పని కొత్తవాళ్ళది. తోడల్లుణ్ణి పనిలో పెట్టించినప్పుడు మేస్త్రి అక్కడే నిలబెట్టాడు. "ముందు రుద్దడం నేర్చుకో. పాలిష్ కొట్టే గన్ను సంగతి తర్వాత చూద్దాం."

తోడల్లుడు ఐదేళ్ళుగా రుద్దుతూనే ఉన్నాడు. ఈ ఐదేళ్ళలో కూతుర్ని కన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు మేస్త్రి భుజమెక్కి "పెద్దనాన్నా, పరిగెత్తు" అంటుంది. మేస్త్రికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్ల దిగిపోయాక కూడా ఆ భుజం చాలాసేపు బరువుగానే ఉంటుంది.

మరదలు చెడ్డదీ కాదు, తోడల్లుడు టెక్కులవాడూ కాదు. అదే అసలు చిక్కు. తప్పు పట్టడానికి ఏదీ దొరకని మనిషి మీద కుళ్ళుకోవడం చాలా కష్టమైన పని. మేస్త్రి దాన్ని కూడా పనిలాగే శ్రద్ధగా చేశాడు. తోడల్లుడు రుద్దిన చెక్కలో గీత కనిపిస్తే నలుగురిలో వేలు పెట్టి చూపించేవాడు. గీత లేకపోతే వెలుతురుకి ఎత్తి వెతికేవాడు.

ఆ ఏడాది, పిల్లల కోసం భార్య పెట్టే పోరు పడలేక పరీక్ష చేయించుకున్నాడు. డాక్టరమ్మ కాగితం చూసి, పక్కన పెట్టి, "ఏం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాడు. కిటికీ గురించి అడిగింది. అదీ చెప్పాడు, కాస్త గర్వంగానే.

"మీ వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉంది, కదలిక కూడా అంతంతమాత్రమే. ఇదంతా ఆ ఆవిరి వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ అలాంటి ద్రావకాలు రోజూ పీల్చేవాళ్ళలో ఇలా జరగడం చూస్తుంటాం. కొత్త కణాలు తయారవడానికి సుమారు మూణ్ణెల్లు పడుతుంది. మూణ్ణెల్లు ఆ గదికి దూరంగా ఉండి మళ్ళీ రండి. పని బట్టలు కూడా ఇంటికి తీసుకురావద్దు."

బయటికొచ్చాక భార్య అతని చెయ్యి పట్టుకుంది. "తొమ్మిదేళ్ళు పీల్చారు. మూణ్ణెల్లు మానలేరా?" అంది. నిందించలేదు. నిందించడానికి ఎనిమిదేళ్ళ సరుకు ఆమె దగ్గర ఉంది, ఒక్కటీ బయటికి తీయలేదు.

మర్నాడు మధ్యాహ్నం పంచలో భోజనం డబ్బాలు విప్పుతుంటే తోడల్లుడు మామూలుగా అన్నాడు. "అన్నయ్యా, పిల్ల పెద్దదవుతోంది కదా. ఈ ఏడాది రెండో కాన్పు అనుకుంటున్నాం."

కూరలో ఉప్పు సరిపోయిందన్నంత తేలిగ్గా అన్నాడు. అనుకుంటే అయిపోతుందన్నట్టు. మేస్త్రి ముద్దని తిరిగి డబ్బాలో పెట్టేశాడు. నీళ్ళు తాగాడు. తర్వాత, తన గొంతేనా అనిపించేంత మెత్తగా అన్నాడు.

"తమ్ముడూ, నాకు భుజం పట్టేస్తోంది. రేపట్నుంచి గన్ను నువ్వు పట్టుకో. మూల గది నీది. నేను పంచలో మడత బందులు బిగించుకుంటా."

తోడల్లుడు తినడం ఆపేశాడు. ఐదేళ్ళుగా ఎదురుచూసిన మాట. లేచి ఎంగిలి చేత్తోనే దండం పెట్టబోయి, నవ్వి, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "నాకు వాసన పట్టడం కూడా నేర్పాలి మరి."

"నేర్పుతా," అన్నాడు మేస్త్రి.

నేర్పాడు కూడా. డబ్బా మీదికి ఎంత వంగాలో, ఎక్కడిదాకా పీల్చాలో, కళ్ళు మండితే ఏమనుకోవాలో అన్నీ నేర్పాడు. ఇంటికెళ్ళి భార్యతో పని మారానని మాత్రం చెప్పాడు. గది ఎవరికిచ్చాడో చెప్పలేదు.

పంచలో గాలి బాగుంది. నాలుగు వారాలకి తలనొప్పి పోయింది. తొమ్మిదేళ్ళుగా అది తలలో భాగమే అనుకున్నాడు. వాన పడేముందు మట్టికి వాసన ఉంటుందని మళ్ళీ తెలిసింది. మూల గది తలుపు కిందనుంచి ఆవిరి వచ్చినప్పుడల్లా కుర్చీ ఇంకొంచెం ఇవతలికి జరుపుకునేవాడు. కాస్త పీల్చనీ, అనుకునేవాడు. తర్వాత ఆ అనుకున్నదాన్ని తనే చూడలేక ఇంకో స్క్రూ బిగించేవాడు.

నలభయ్యో రోజున మరదలు ఇంటికొచ్చింది. "బావా, మీ పుణ్యమా అని ఈయన మేస్త్రి అయిపోయాడు," అంది వంటింటి గడపలో కూర్చుంటూ. "కాకపోతే ఇంటికి రాగానే చెప్పులతోనే మంచమెక్కి పడుకుంటున్నాడు, అక్కా. తల పగిలిపోతోందంటాడు. ఏమైనా అంటే అది మేస్త్రి తలనొప్పే, నీకేం తెలుసంటాడు. ఆ చొక్కాలు ఉతికితే నాకూ కళ్ళు తిరుగుతున్నాయి. పిల్లేమో నాన్న దగ్గర పెట్రోలు కంపు అని దగ్గరికి పోదు."

అక్క చేతిలో గరిటె ఆగింది. భర్త వైపు చూసింది. అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

మరదలు వెళ్ళాక భార్య అడిగింది. "డాక్టరమ్మ చెప్పింది అతనికి చెప్పారా?"

"అతను అడగలేదు."

ఆమె కంచం తెచ్చింది. అన్నం పెట్టింది, రోజూలాగే అతనికే ముందు పెట్టింది. గ్లాసు కూడా అతని చేతికి అందేచోటే ఉంచింది. అప్పుడు అంది. "నాకూ కుళ్ళుంది. అది నా చెల్లెలు, నేను ఎత్తుకుని పెంచాను, అయినా ఉంది. కానీ దాని కొంపలోకి విషం పంపే అంత లేదు. చెప్పాల్సింది నేను కాదు, మీరు. రేపు పొద్దున చెప్పండి."

పొద్దున అతను వెళ్ళేసరికి మూల గది తలుపు తెరిచే ఉంది. తోడల్లుడు డబ్బా మీదికి వంగి ఉన్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద, మెడ కాస్త పక్కకి, కళ్ళు సగం మూసి, అచ్చం తనలాగే. మేస్త్రి గుమ్మంలో నిలబడి తనని తను వెనకనుంచి చూస్తున్నట్టు చూశాడు.

సుత్తి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మేకులు తుప్పు పట్టాయి, ఒక్కొక్కటీ కీచుమంటూ వచ్చింది.

"అన్నయ్యా, ఏం చేస్తున్నావు? బల్ల తడిగా ఉంది, దుమ్ము పడుతుంది."

"పడనీ." ఆఖరి మేకు ఊడింది. ప్లైవుడ్డు కింద పడింది, వెలుగూ గాలీ కలిసి లోపలికొచ్చాయి. అప్పుడు, ముఖం కిటికీ వైపే పెట్టుకుని, అంతా చెప్పాడు. కాగితం, సంఖ్య, మూణ్ణెల్లు.

తోడల్లుడు డబ్బా మూత పెట్టాడు. "నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"గది నీకివ్వడానికి ముందురోజే తెలిసింది."

"భుజం నొప్పి?"

"లేదు."

"నేనేం చేశాను నిన్ను?"

"ఏమీ చెయ్యలేదు. నీ పిల్ల నన్ను పెద్దనాన్నా అని పిలుస్తుంది, అంతే."

తోడల్లుడు గరుకు కాగితం తీసుకుని పంచలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజే కాదు, ఆ నెలంతా మాట్లాడలేదు. మేస్త్రి ఓనరుకి చెప్పి కిటికీలో గాలి లాగే ఫ్యాను పెట్టించాడు. మూణ్ణెల్లదాకా గన్ను ఎవరూ ముట్టుకోకుండా పాలిష్ పని బయటికి పంపించారు. ఓనరు గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. మేస్త్రి మాటకి తొమ్మిదేళ్ళ విలువ ఉంది, దాన్ని అతను ఆ పనికే ఖర్చుపెట్టాడు.

మూణ్ణెల్లు నిండాక మేస్త్రి ల్యాబుకి వెళ్తే, కుర్చీల వరసలో ఒక కుర్చీ అవతల తోడల్లుడు కూర్చుని ఉన్నాడు. చేతిలో అదే రకం ఫారం. ఇద్దరూ ఎదుటి గోడ మీద గడియారం చూశారు.

కాగితాలు ఒకేసారి వచ్చాయి. తోడల్లుడు తనది విప్పి చదివి, ఏమనుకున్నాడో, మధ్య కుర్చీ మీద పెట్టి ఇటు జరిపాడు. మేస్త్రి చూశాడు. అంతా సవ్యంగా ఉంది. మేస్త్రి గుండెల్లోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది. కుళ్ళు లేదని కాదు, ఉంది, వెనకాలే వచ్చింది. కానీ ముందు వచ్చింది ఊపిరి. దాన్ని అతను గమనించుకున్నాడు.

తర్వాత తనది విప్పాడు. పోయినసారికన్నా కణాలు పెరిగాయి. చాలవు. కింద డాక్టరమ్మ రాత: ఇలాగే ఉండండి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం.

తోడల్లుడు మెడ చాచి అదీ చదివాడు. తన కాగితం మడుచుకుంటూ అన్నాడు. "ఆ కొలత గ్లాసు కడిగి, ఎంత కలపాలో దాని మీద గీత గీసి పెట్టు. ఇంకెవరి ముక్కుతోనూ పని లేకుండా."

ఆ సాయంత్రం మేస్త్రి గ్లాసు కడిగాడు. తొమ్మిదేళ్ళుగా ముక్కులో దాచుకున్న కొలతని మేకు మొనతో గ్లాసు మీద గీశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో గీత సరిగ్గా కనిపిస్తోందో లేదో చూసి, అందరికీ అందే అరలో పెట్టాడు.